శాశ్వత చిరునామా అనే గడి

ఏ దరఖాస్తు ఫారం తీసుకున్నా అందులో రెండు గడులుంటాయి. ఒకటి ప్రస్తుత చిరునామా, రెండోది శాశ్వత చిరునామా. మొదటిది నింపాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. తన ఇంటి నంబరు మా రేషన్ కార్డు మీదికి ఎక్కితే రేపు ఇల్లు తన చేతుల్లోంచి పోతుందేమోనని ఆయన భయం. రెండోది నింపాలంటే తాతల ఊళ్లో ఇల్లుండాలి. ఊరుంది, ఇల్లు లేదు. మా అబ్బా ప్రతిసారీ ఆ గడిలో 'పైన రాసినదే' అని రాసేవాడు. తొమ్మిదేళ్లలో ఏడు ఇళ్లు మారాం. ఏడుసార్లూ 'పైన రాసినదే' మా శాశ్వత చిరునామా అయింది.

ముస్లిం అస్తిత్వ సాహిత్యాన్ని అంచనా వేసేటప్పుడు ఈ గడి దగ్గర కాసేపు ఆగాలని మాకనిపిస్తుంది. ఈ దేశం ఎవరిది అని మా రచయితలు గట్టిగా అడిగారు. అడగాల్సిందే. కానీ ఈ ఇల్లు ఎవరిది, ఎన్నాళ్లు ఉండనిస్తారు, ఖాళీ చేయించాక అందులోని మనుషులు ఏమవుతారు అని అంత గట్టిగా అడగలేదు. ఇల్లు లేకపోవడాన్ని మన సాహిత్యం అవమానంగా రాసింది. పోయిన ఇంటిని జ్ఞాపకంగా రాసింది. నిలకడలేని ఇల్లు ఒక కుటుంబాన్ని లోపల్నుంచి ఎట్లా విప్పేస్తుందో మాత్రం సరిగ్గా రాయలేదు. ఈ వ్యాసంలో మా ఫిర్యాదు ఇదే. ఇది ఇతరుల మీద ఎంతో మా మీద మాకూ అంతే.

ముందు తెలుగు సాహిత్యం సంగతి చూద్దాం. కిరాయి ఇంటి బాధలు తెలుగు కథకు కొత్తవి కావు. ఓనరు పిసినారితనం, నల్లా దగ్గర తగాదాలు, రాత్రి తొమ్మిది దాటితే గేటుకు తాళం. వీటిని మనం తరతరాలుగా నవ్వుకుంటూ చదువుకున్నాం. తొంభైల మొదట్లో వచ్చిన 'చిత్రం భళారే విచిత్రం' సినిమాలో ఇల్లు దొరకని కుర్రాళ్లు సంసారులమని నమ్మించడానికి ఆడవేషం వేస్తారు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి తోచింది. ఆ కుర్రాళ్లు చీర విప్పేస్తే వేషం అయిపోతుంది. మా వేషం చీరలో లేదు, పేరులో ఉంది. మాకు తెలిసిన ఒక టీచరమ్మ ఇల్లు చూడబోయేటప్పుడు బొట్టు పెట్టుకొని వెళ్లింది. ఇల్లు నచ్చింది, ఓనరమ్మకు ఆమె నచ్చింది. మంచినీళ్లు కూడా ఇచ్చారు. 'మీ ఆయన పేరేంటమ్మా?' అనేదాకా అన్నీ బాగానే జరిగాయి.

సెక్యులర్ రచయితల కథల్లో మంచి సాయిబులు చాలామందే ఉన్నారు. వాళ్లకు గుర్రబ్బండి ఉంటుంది, గడ్డం ఉంటుంది, ప్రాణమిచ్చే విశ్వాసం ఉంటుంది. కానీ బండి తోలి, పీరు మోసి, హిందూ స్నేహితుడి బిడ్డను కాపాడి ఆ సాయిబు రాత్రికి ఏ ఇంటికి వెళ్తాడు? ఊరి చివరనో దర్గా పక్కనో అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ఇంటి లోపలికి కథ రాదు. రాకపోవడానికి కారణం చెడ్డతనం కాదు. రచయిత ఎన్నడూ ఆ ఇంట్లో కూర్చొని చాయ్ తాగలేదు, అంతే.

మరి మా సంగతేమిటి? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. పుట్టిన నేల మీదే పరాయివాళ్లం కావడమంటే ఏమిటో తెలుగు పాఠకుడు మొదటిసారి మా నోట విన్నాడు. 1999 నాటి ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'లో ముస్లిం ఇల్లు ఇల్లులా కనిపించింది. 2004లో 'వతన్' కథల సంకలనంతో ఇంకా ఎన్నో వాకిళ్లు తెరుచుకున్నాయి. నగరంలో కిరాయి ఇల్లు వెతుక్కునే ముస్లిం కష్టాన్ని స్కైబాబ 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని బోర్డు కట్టి మరీ చూపించాడు. వీటికి మేం రుణపడి ఉన్నాం.

అయినా ఒక మాట అనక తప్పదు. ఇల్లు అనగానే మా కలాలకు రెండు దృశ్యాలే గుర్తొస్తున్నాయి. ఒకటి మూసిన తలుపు. రెండోది కూలిన దేవిడీ. మూసిన తలుపు ముందు కోపం, కూలిన దేవిడీ ముందు కన్నీళ్లు. నిజానికి మాలో చాలామందికి దేవిడీలు ఎన్నడూ లేవు. దూదేకులవాళ్లకు, ఫకీర్లకు, కసబులకు, రిక్షా తొక్కినవాళ్లకు దేవిడీ అంటే పని చేసి వచ్చిన చోటే. ఇక తలుపు మూసుకున్నాక? ఆ కుటుంబం రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకుంది కదా. అక్కడ ఎట్లా బతికింది? కవిత తలుపు దగ్గరే అయిపోతుంది. బతుకు అక్కణ్నుంచి మొదలవుతుంది.

ఆ తర్వాతి బతుకును చూపిన రచన కోసం వెతికితే మాకు సినిమా దొరికింది. ఎం.ఎస్. సత్యు తీసిన 'గర్మ్ హవా' (1973). ఇస్మత్ చుగ్తాయ్ అచ్చుకాని కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాశారు. అందరూ దాన్ని దేశవిభజన సినిమా అంటారు. మేం దాన్ని ఇంటి సినిమాగా చదువుతాం. ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసుకునే సలీం మీర్జా పాకిస్తాన్ వెళ్లనంటాడు. కానీ హవేలీ అన్న పేర ఉంది. అన్న వెళ్లిపోయాడు కాబట్టి ఇల్లు 'శరణార్థులు వదిలిన ఆస్తి' కింద సర్కారుది అయిపోతుంది. ఇది కథ కోసం కల్పించిన మెలిక కాదు. 1950 నాటి ఎవాక్యూ ఆస్తుల చట్టం కింద ఎందరో వెళ్లనివాళ్లు కూడా వెళ్లినవాళ్ల లెక్కలో పడి ఇళ్లు పోగొట్టుకున్నారు.

ఆ సినిమాలో మీర్జా కిరాయి ఇంటి కోసం తిరిగే సన్నివేశాల దగ్గర అందరూ కళ్లు తుడుచుకుంటారు. మాకు ముఖ్యమైంది ఆ తర్వాతిది. తలుపులు మూసుకున్నాక కెమెరా ఆ కుటుంబం వెంట కిరాయి ఇంట్లోకి కూడా వెళ్తుంది. అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పోతుంది. ముసలి దాదీకి చావడానికి తనదనే చోటు పోతుంది. చివరి ఘడియల్లో ఆమెను మోసుకెళ్లి హవేలీలో దించితేనే ప్రాణం పోతుంది. మీర్జాకు బజారులో పరపతి పోతుంది. రేపు ఉంటాడో వెళ్లిపోతాడో తెలియనివాడికి అప్పెవరిస్తారు? బిడ్డ అమీనాకు కుదిరిన సంబంధాలు రెండూ సరిహద్దు దాటి పోతాయి. ఆ అమ్మాయి చివరికి ప్రాణమే తీసుకుంటుంది. ఇల్లు పోతే గోడలు మాత్రమే పోవు, వాటిని ఆనుకొని నిలబడ్డ వరసలన్నీ కదిలిపోతాయని ఆ సినిమా చెబుతుంది.

దానితోనూ మాకొక పేచీ ఉంది. చివర మీర్జా పాకిస్తాన్ రైలెక్కడానికి టాంగాలో బయల్దేరి, దారిలో ఉద్యోగాల కోసం సాగుతున్న ఊరేగింపు చూసి ఆగుతాడు. భార్యను టాంగాలో వెనక్కి పంపి కొడుకు వెంట తానూ ఊరేగింపులో కలుస్తాడు. ఆ ఊరేగింపు గురించి ఎందరో రాశారు. ప్రధాన స్రవంతిలో కలవడానికి గుర్తుగా మెచ్చుకున్నారు. కానీ ఆ టాంగా వెళ్లింది కిరాయి ఇంటికే కదా? బిడ్డ చచ్చిపోయిన ఇంట్లోకి ఆ తల్లి ఒంటరిగా అడుగుపెట్టింది. మేం చదివిన ఏ సమీక్షలోనూ ఆ టాంగా ప్రస్తావన లేదు. మగవాళ్లు రాజకీయాల్లోకి, ఆడవాళ్లు కిరాయి ఇంట్లోకి. మా అస్తిత్వ సాహిత్యం కూడా ఇంతకాలం ఊరేగింపు వెంటే నడిచింది. టాంగా వెంట నడవాల్సిన పని మిగిలే ఉంది.

టాంగా వెంట నడిస్తే ఏం కనిపిస్తుంది? మా ఇళ్లల్లో చూసిందే చెబుతాం. ఇల్లు మారిన ప్రతిసారీ పిల్లల బడి మారుతుంది. మా పిల్లలకు బడితోపాటు చాలాసార్లు భాషే మారుతుంది. ఈ మొహల్లాలో ఉర్దూ మీడియం బడి ఉంటుంది, అవతలి కాలనీలో ఉండదు. నాలుగో క్లాసు ఉర్దూలో చదివిన పిల్ల అయిదో క్లాసులో తెలుగు అక్షరాల ముందు మళ్లీ ఒకటో క్లాసు పిల్లవుతుంది. టీసీ కోసం తిరిగీ తిరిగీ ఒక ఏడాది పోతుంది. ఆ ఏడాదిలో ఆడపిల్ల తమ్ముణ్ని ఎత్తుకుంటుంది, మగపిల్లాడు మెకానిక్ షాపులో స్పానర్లు అందిస్తాడు. 'ముస్లింలకు చదువు మీద శ్రద్ధ లేదు' అనే మాట ఆ తర్వాత వస్తుంది.

పాతబస్తీలో ఆడవాళ్లకు ఇల్లే కార్ఖానా. లాడ్‌బజార్ గాజులకు రాళ్లద్దేదీ, జర్దోజీ మగ్గం ముందు కూర్చునేదీ, అగర్‌బత్తీలు చుట్టేదీ ఆ ఒక్క గదిలోనే. సరుకిచ్చే సేఠ్ ఇంటిని గుర్తుపెట్టుకొని ఇస్తాడు. కిరాణా కొట్టువాడు ఇంటిని చూసి ఉద్దెర ఇస్తాడు. వాడకట్టు ఆడవాళ్లు ఇంటిని నమ్మి చిట్టీలో చేర్చుకుంటారు. ఇల్లు మారిన రోజున ఈ మూడూ తెగిపోతాయి. కొత్త మొహల్లాలో మళ్లీ నమ్మకం సంపాదించుకోవాలంటే రెండేళ్లు పడుతుంది. రెండేళ్లు అక్కడ ఉండనిస్తే కదా!

సంబంధం చూడవచ్చినవాళ్లు మొదట అడిగేది 'సొంతిల్లేనా?' అని. కిరాయి ఇల్లని తెలిస్తే జహేజ్ పెరుగుతుంది. మా తరఫున అడ్వాన్సు కట్టినవాళ్ల దగ్గర మా నోరు తగ్గుతుంది. మాంసం వండిన రోజు కిటికీలు మూస్తాం. పిల్లల్ని నవ్వొద్దంటాం, పరుగెత్తొద్దంటాం. చప్పుడు చేయకుండా పెరిగిన పిల్లలు పెద్దయ్యాక కూడా సగం గొంతుతోనే మాట్లాడతారు. ముసలివాళ్లు మంచాన పడితే ఓనర్లకు ఇంకో భయం. ఇంట్లో చావొద్దు. మా నానీకి గుసల్ చేయించడానికి ఓనరు వాకిట్లో నీళ్లు పోయనివ్వలేదు. మస్జిద్‌కు తీసుకెళ్లాం. ఆమె జనాజా తన ఇంటి గుమ్మం నుంచి లేవలేదు. ఖబరస్తాన్‌లో దొరికిన జాగ ఒక్కటే ఆమెను ఖాళీ చేయమని ఎవరూ అడగని జాగ.

ఇంతకూ శాశ్వత చిరునామా గడిలో రాయాల్సిన ఆ ఊరు ఏమైంది? 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు మా తాత ఉస్మానాబాద్ వైపు నుంచి చేతికందిన మూటతో హైదరాబాద్ చేరాడు. అట్లా ఎందరో చేరారు. ఆ రోజుల మీద విచారించిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. చచ్చిపోయినవాళ్లకు ఆ మాత్రం లెక్కయినా ఉంది. బతికి, నగరంలో ఎవరి వరండాలోనో 'కొద్ది రోజులు' దిగి, ఆ కొద్ది రోజుల్లోనే ముసలివాళ్లయిపోయినవాళ్ల కథ పోలీస్ యాక్షన్ సాహిత్యంలో ఎంత ఉంది? ఖాసిం రజ్వీ గురించి రాసిన పేజీలతో పోల్చి చూసుకుంటే మనకే సిగ్గేస్తుంది.

'తాత్కాలికం' అనే ఈ మాట ఒక్క హైదరాబాద్‌ది కాదు. అహ్మదాబాద్‌లో ఈనాటి జుహాపురా మొదలైంది 1973లో సబర్మతి వరద బాధితుల కోసం వేసిన సంకలిత్ నగర్ చుట్టూ. అక్కడ మొదట్లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఒక్కో అల్లరి తర్వాత ఒక్కో విడత హిందువులు వెళ్లిపోతూ, ముస్లింలు వచ్చి చేరుతూ అది పెద్ద ముస్లిం వాడగా మారింది. 2002 మారణకాండలో లక్షకు పైగా మనుషులు సహాయ శిబిరాల్లో తలదాచుకున్నారు. తిరిగి వెళ్లలేనివాళ్ల కోసం మత సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కట్టిన కాలనీల్లో ఒకటి పిరానా చెత్తగుట్ట పక్కన ఉంది. దాని పేరు సిటిజన్ నగర్. పౌరుల నగర్ అన్నమాట! ఆ పొగ పీలుస్తూ ఒక తరం పెరిగి పెద్దదయింది.

2013లో ముజఫర్‌నగర్, షామ్లీ జిల్లాల్లో యాభై వేల మందికి పైగా ఇళ్లు వదిలారు. చలికాలంలో గుడారాల కింద పసిపిల్లలు చనిపోయారు. ఆడపిల్లల్ని కాపాడుకోలేమనే భయంతో తల్లిదండ్రులు శిబిరాల్లోనే పెళ్లిళ్లు చేసేశారు. తీవ్రంగా దెబ్బతిన్న తొమ్మిది గ్రామాల కుటుంబాలకు ప్రభుత్వం అయిదేసి లక్షలు ఇచ్చింది. ఇస్తూ ఒక అఫిడవిట్ రాయించుకుంది. సొంతూరికి తిరిగి వెళ్లమని అందులో సంతకం పెట్టాలి. శాశ్వత చిరునామా గడిని ప్రభుత్వమే కొట్టేసిందన్నమాట. ఇంకో చిక్కు ఉంది. ఆ డబ్బు కుటుంబానికి ఇంత అని ఇచ్చారు. కుటుంబం అంటే ఎవరు? పెళ్లయిన కొడుకు వేరే కుటుంబమా, తండ్రి కుటుంబమేనా? అన్నదమ్ములు ఒకే కప్పు కింద వేర్వేరు పొయ్యిలు పెట్టుకున్నచోట ఈ ప్రశ్న సొమ్ముతోపాటు తగువు కూడా పంచింది.

అదే ప్రశ్న మా నగరంలోనూ తలెత్తింది. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో అధికారులు గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాసి వెళ్లారు. మూసీ నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థం. ఒప్పుకున్నవాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు చూపించి, ఇక్కడి ఇళ్లు కూల్చారు. మూసీలో ఇల్లుండటం మంచిదని మేం అనం. 1908 వరద ఈ నగరంలో వేల ప్రాణాలు తీసింది. ఆ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పేదలకు ఇళ్లు కట్టించింది. కాబట్టి మార్చడం తప్పు కాదు. మా ప్రశ్న వేరే. ఒక గోడకు ఒకటే గుర్తు. ఆ గోడ వెనక మూడు పొయ్యిలుంటే తాళంచెవి ఎవరికి? కిరాయికున్నవాళ్లు ఏమైనట్టు? చదువుల నడుమ బడి మారిన పిల్లలకు పరీక్షలెక్కడ? సున్నం వేసిన గోడ మీద ఆ ఎర్ర అక్షరాలు చూస్తూ ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకున్నారు? ఈ చివరి ప్రశ్న అధికారిది కాదు, రచయితది.

అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్‌డోజర్ కూల్చివేతల మీద తీర్పు ఇచ్చింది. ఒకరి మీద ఆరోపణ ఉంటే కుటుంబం మొత్తానికి నీడ తీసేయకూడదనీ, పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదనీ చెప్పింది. ఇంటి వెనక కుటుంబం ఉంటుందనే సంగతి కోర్టుకు తట్టింది. మన కథకు ఎందుకు అంతగా తట్టలేదు?

ఇక్కడ సెక్యులర్ మిత్రులు ఒక మాట అంటారు. 'ఇది పేదరికం సమస్య, మతం సమస్య కాదు. దళితులకు, ఒంటరి స్త్రీలకు ఇల్లిస్తున్నారా?' అని. ఇవ్వడం లేదు, నిజమే. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల చేసిన అధ్యయనంలో ఒకే స్థాయి చదువు, ఉద్యోగం చెప్పి, పేర్లు మాత్రం మార్చి ఇళ్లు అడిగించారు. దళిత పేరుకు, ముస్లిం పేరుకు తలుపులు మూసుకున్నాయి. అంటే జేబు చూసి మాత్రమే మూయలేదని తేలినట్టే. అంతకు పదేళ్ల ముందు, 2005లో, తమ మతంవాళ్లనే సభ్యులుగా చేర్చుకునే హక్కు హౌసింగ్ సొసైటీకి ఉందని సుప్రీంకోర్టు ఒక పార్సీ సొసైటీ కేసులో తీర్పు చెప్పింది. అల్పసంఖ్యాకుల సొసైటీకి దొరికిన ఆ గొడుగు కింద పెద్ద సంఖ్యవాళ్లు నిలబడితే బయట మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు. దళితుడి ఇంటి బాధ, మా ఇంటి బాధ పక్కపక్క గదుల్లో ఉన్నాయి. కలిసి రాయాల్సినవి. పేదరికం అనే ఒక్క దుప్పటి కప్పి రెండింటినీ దాచొద్దనే మేం అనేది.

మా వాళ్లను కూడా వదలం. పాతబస్తీలో ఇళ్లిచ్చేది ఎక్కువగా ముస్లిం ఓనర్లే. బయట ఎక్కడా దొరకదని తెలిసి అడ్వాన్సు పెంచేది వాళ్లే. 'ఏ ఖాందాన్?' అని అడిగి, దూదేకులవాళ్లని తెలియగానే మాట మార్చేవాళ్లను మేం చూశాం. బాలాపూర్‌లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు టార్పాలిన్ గుడిసెలు వేసుకున్నారు. ఖాళీ జాగాలో ఆ గుడిసెకు కూడా నెలనెలా కిరాయి కట్టాలి. ఉమ్మత్ గురించి జుమ్మా నాడు విని, శనివారం కిరాయి వసూలుకు వెళ్లేవాళ్ల మీద మనం ఎన్ని కథలు రాశాం? అస్తిత్వ సాహిత్యం బయటివాళ్లకు చూపించే అద్దమే అయితే సగం పనే చేసినట్టు.

రాయబోయేవాళ్లను మేం కోరేది పెద్దదేమీ కాదు. తలుపు మూసుకున్న చోట కథ ఆపకండి. ఆ కుటుంబం ఎక్కిన ఆటో వెంట వెళ్లండి. ముందు సీట్లో గ్యాస్ పొయ్యి పట్టుకున్న తండ్రి పక్కన కూర్చోండి. ఏడో ఇంట్లో నల్లా ఎప్పుడొస్తుందో అడుగుతున్న ఆడమనిషి గొంతు వినండి. కొత్త బడిలో ఏ బెంచీ మీద కూర్చోవాలో తెలియక నిలబడ్డ పిల్లను చూడండి. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే, ముస్లిం బతుకులో పెద్ద విషయాలన్నీ ఇట్లాంటి చిన్న విషయాల మీదే నిలబడి ఉన్నాయని చెప్పండి.

మా అమ్మీ దగ్గర ఒక ఇనుప సందూక్ ఉంది. పెళ్లప్పుడు వచ్చింది. అందులో చీనీ ప్లేట్లు, కట్టని చీరలు రెండు, గిలాఫ్‌లో చుట్టిన ఖురాన్ ఉండేవి. మొదటి ఇంట్లో ఆ ప్లేట్లు అల్మారాలో పెట్టింది. రెండో ఇంట్లోనూ పెట్టింది. మూడో ఇంటి నుంచి ఖురాన్ ఒక్కటే బయటికి తీసి ప్లేట్లు లోపలే ఉంచేసింది. మేం అడిగితే, 'ఎట్లాగూ మళ్లీ కట్టేదే కదా బేటా' అంది. ఏడో ఇంట్లో కూడా ఆ ప్లేట్లు పాత ఉర్దూ పేపర్లలో చుట్టి అట్లాగే ఉన్నాయి. ఇంటికి చుట్టాలొస్తే స్టీలు ప్లేట్లలోనే పెడుతుంది.